దండ వేసే ముందు ఒక్క ఫోన్ చేయండి: తెలుగు వార్తా ఛానళ్లకు, యూట్యూబ్ ఛానళ్లకు బహిరంగ లేఖ

తెలుగు వార్తా ఛానళ్ల సంపాదకులకు, యూట్యూబ్‌లో వార్తల ఛానళ్లు నడుపుతున్నవారికి,

నమస్కారం.

మాది నెల్లూరు. ముప్పై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. పెళ్లిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, వినాయకుడి మండపాలు, ఇవే మా స్టేజీలు. మా ట్రూపులో గాయకుడు మా అన్నయ్యే. ఎస్పీ బాలుగారి పాటలు తప్ప వేరేవి పెద్దగా పాడడు. తుపానొచ్చినా, వరదొచ్చినా మీ రిపోర్టర్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి మాకు కబురు చెప్పడం ఏటా చూస్తూనే ఉన్నాం. ఆ కష్టం మీద గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే, పేరున్నవాళ్లు పోయినప్పుడూ, పోకముందే పోయారనీ మీరు వార్తలు చూపించే తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను.

ఇది నా మొదటి ఉత్తరం కాదు. 2020 అక్టోబరులో ఒక యూట్యూబ్ ఛానల్‌కు మెయిల్ పెట్టాను. ఒక టీవీ ఛానల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. 2023 మార్చిలో మళ్లీ రాశాను, మే నెలలో ఇంకోసారి. మొదటిదానికి ఎవరో సంతకం పెట్టి తీసుకున్నట్టు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చింది. అది ఇప్పటికీ నా కీబోర్డు పెట్టెలోనే ఉంది. అంతకు మించి ఒక్క ముక్క సమాధానం రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాయాల్సి వచ్చింది.

ముందు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను.

2020 ఆగస్టు 5న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు కరోనాతో చెన్నైలో ఆస్పత్రిలో చేరారు. లక్షణాలు తక్కువే, కంగారు పడొద్దని ఆయనే వీడియోలో చెప్పారు. 13 రాత్రి ఐసీయూకి మార్చారు. సరిగ్గా ఆ వారంలోనే మా అన్నయ్య కూడా కోవిడ్ వార్డులో పడ్డాడు. లోపలికి ఎవర్నీ రానివ్వరు. అన్నయ్యకు తోడు ఒక్క ఫోనే. పొద్దున్నే నాకు ఫోన్ చేసి తన సంగతి చెప్పేవాడు కాదు, "బాలుగారికి ఎలా ఉందిరా?" అని అడిగేవాడు. ఆయన లేచి బయటికొస్తే తనూ బయటపడతానని మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. ఆగస్టు 20 సాయంత్రం ఆరు గంటలకు సినిమావాళ్లంతా కలిసి ప్రార్థన చేద్దామన్నప్పుడు, అన్నయ్య మంచం మీదే కూర్చుని రెండు చేతులూ జోడించాడట. పక్క బెడ్డాయన చెప్పాడు.

ఆ తర్వాత రెండు మూడు రోజులకి, సాయంత్రం పూట అన్నయ్య ఫోనులోకి ఒక వీడియో వచ్చింది. బాలుగారి ఫొటోకి దండ. పక్కన దీపం బొమ్మ. కింద పెద్ద అక్షరాలతో "బాలు ఇక లేరు". అన్నయ్య వీడియో తెరవలేదు, ఆ బొమ్మ చూశాడంతే. ఆక్సిజన్ మాస్కు పీకేసి నాకు ఫోన్ చేశాడు. మాట రావడం లేదు. నాకు వినపడిందల్లా ఊపిరి చప్పుడు, దాని వెనకాల "మాస్కు పెట్టుకోండి సార్, మాస్కు పెట్టుకోండి" అని నర్సమ్మ కేకలు. ఆ రాత్రి అన్నయ్య ఆక్సిజన్ లెవెల్ పడిపోయింది. మా వదిన, పిల్లలు, నేను తెల్లారేదాకా ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాం.

తర్వాత ఆ వీడియో నేను మొత్తం చూశాను. ఎనిమిది నిమిషాలు. ఏడో నిమిషం దాకా ఆయన జీవిత చరిత్ర. చివర్లో "బాలుగారు త్వరగా కోలుకోవాలని మనందరం ప్రార్థిద్దాం" అన్నారు. అంటే ఆయన బతికే ఉన్నారని చేసినవాళ్లకి తెలుసు. తెలిసే దండ వేశారు.

దేవుడి దయవల్ల అన్నయ్య గండం గట్టెక్కాడు. సెప్టెంబరు మొదటి వారంలో ఇంటికొచ్చాడు. 7వ తేదీన బాలుగారి కొడుకు చరణ్‌గారు, నాన్నకి కరోనా నెగెటివ్ వచ్చిందని, ఐప్యాడ్‌లో క్రికెట్, టెన్నిస్ చూస్తున్నారని, ఐపీఎల్ కోసం ఎదురు చూస్తున్నారని చెప్పారు. అన్నయ్య కూడా క్రికెట్ పిచ్చోడే. "చూశావా, మ్యాచ్‌ల కోసమైనా లేస్తారు" అని ఆ రోజంతా ఇంట్లో ఒకటే సంబరం.

24 సాయంత్రం ఆస్పత్రి బులెటిన్‌లో పరిస్థితి అత్యంత విషమం అన్నారు. ఐపీఎల్ కామెంటరీ కోసం ముంబై వచ్చిన డీన్ జోన్స్ గుండెపోటుతో పోయిందీ ఆ రోజే. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ దండలు మొదలయ్యాయి. అన్నయ్య "మళ్లీ అబద్ధమే" అని ఫోను బోర్లా పెట్టి పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం 1 గంటా 4 నిమిషాలకు బాలుగారు పోయారు. టీవీలన్నీ చెప్తున్నా అన్నయ్య నమ్మలేదు. చరణ్‌గారు బయటికొచ్చి తన నోటితో చెప్పేదాకా నమ్మలేదు. నమ్మాక ఏడవలేదు. "ఆయన కోసం నేను నెల కిందే ఏడ్చేశానురా" అన్నాడు.

మీరు మా దగ్గర తీసుకున్నది ఇదీ. ఒక మనిషి పోయినప్పుడు గుండె నిండా ఏడ్చే హక్కు.

ఆ సాయంత్రం తిప్పరాజువారి వీధికి వెళ్లాం. అక్కడి తన పూర్వీకుల ఇంటిని బాలుగారు ఆ ఏడాది ఫిబ్రవరిలోనే వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. మాస్కులు కట్టుకుని పదిహేను మందిమి దూరం దూరంగా నిలబడ్డాం. స్టూలు మీద ఫొటో పెట్టి దీపం వెలిగించాం. ఎవరో ఒకాయన మెల్లగా పల్లవి అందుకున్నాడు. అన్నయ్య గొంతు కలిపాడు. జబ్బు తర్వాత అదే ఆయన మొదటి పాట. చరణంలోకి వచ్చేసరికి గొంతు పూడుకుపోయి, అప్పుడు ఏడ్చాడు. అప్పటికే ఒక కుర్రాడు లోగో మైకుతో వచ్చి ఉన్నాడు. దగ్గరికొచ్చి, "సార్, కెమెరా ఆన్ కాలేదు. ఆ పాట మళ్లీ ఎత్తుకోండి, ఇందాక అక్కడే కదా ఏడ్చారు, అక్కడికి వచ్చేసరికి మళ్లీ..." అన్నాడు. అన్నయ్య ఏమీ మాట్లాడకుండా చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాడు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. స్ట్రింగర్, అంటే వార్తకింత అని డబ్బు తీసుకునే విలేకరి. చెవిలో ఫోను, అవతల డెస్క్ నుంచి ఎమోషనల్ బైట్ కావాలని ఒత్తిడి. పది నిమిషాల తర్వాత నా దగ్గరికొచ్చి "సారీ అన్నా" అన్నాడు కూడా. ఈ లేఖ అతనికి కాదు. ఫోను అవతల ఉన్న మీకు.

ఇది మా ఒక్క ఇంటి గొడవే అయితే ఇంత దూరం వచ్చేవాణ్ని కాదు. జరుగుతున్నవి వరసగా చూడండి.

1. బతికున్నవాళ్లకి నివాళులు. 2023 మార్చి 21, ఉగాది ముందు రోజు. కోట శ్రీనివాసరావుగారు పోయారని ప్రచారం మొదలైంది. పండగకి సిద్ధమవుతున్న మనిషికి ఫోన్ల మీద ఫోన్లు. జనం వస్తారని బందోబస్తుకి వ్యాను వేసుకుని పోలీసులే ఇంటికొచ్చారు. ఎనభై దాటిన ఆయన కెమెరా ముందు కూర్చుని, నేను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా బతికారు, 2025 జూలై 13న పోయారు. 2023 మే మొదట్లో శరత్‌బాబుగారి వంతు. ఆయన ఆస్పత్రిలో కోలుకుంటున్నారని సోదరి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన పోయింది మే 22న. ఆ ఏడాదే ఆగస్టు 23న జింబాబ్వే మాజీ కెప్టెన్ హీత్ స్ట్రీక్ పోయారని ప్రపంచమంతా రాసేసింది. ఆయనతో కలిసి ఆడిన హెన్రీ ఒలోంగానే ముందు నమ్మి పోస్టు పెట్టి, తర్వాత తప్పయిందని సరిదిద్దుకున్నారు. క్యాన్సర్‌తో పోరాడుతున్న స్ట్రీక్, ఈ వార్త నన్ను బాధపెట్టిందని చెప్పారు. పదకొండు రోజుల తర్వాత, సెప్టెంబరు 3న నిజంగానే పోయారు. వయసు 49. తన చివరి రోజుల్లో ఒకటి, తను చావలేదని చెప్పుకోవడానికి ఖర్చయింది. 2025 నవంబరు 11న హిందీ నటుడు ధర్మేంద్రగారి విషయంలోనూ ఇదే. మా ఇంట్లో టీవీలోనూ స్క్రోలింగ్ నడిచింది. పెద్ద పెద్దవాళ్లు సంతాపాలు పెట్టి, మళ్లీ తీసేశారు. ఇది క్షమించరానిదని ఆయన భార్య హేమమాలినిగారు బహిరంగంగా అన్నారు. ఆయన పోయింది 24న, తొంభయ్యో పుట్టినరోజుకి రెండు వారాల ముందు.

అభిమానికి ఇలా నాలుగుసార్లు జరిగితే ఏమవుతుందో మా అన్నయ్యే సాక్ష్యం. ఐదోసారి నిజం చెప్పినా నమ్మడు. అప్పుడు మీ వార్తకే విలువ పోతుంది.

2. రోగి పక్కన కూర్చోవాల్సినవాళ్లు మీకు సమాధానాలు చెప్పుకుంటూ తిరగడం. చరణ్‌గారు ఆ యాభై రోజులూ రోజు విడిచి రోజు వీడియోలు పెడుతూనే ఉన్నారు. ఆగస్టు 24న నాన్నకి నెగెటివ్ వచ్చిందన్న పుకారును ఖండించడానికి ఒకటి. ఆఖరికి అంత్యక్రియలు చేసిన రెండు రోజులకే, ఆస్పత్రి బిల్లు కట్టలేదని పార్థివ దేహాన్ని ఇవ్వలేదన్న అబద్ధాన్ని కొట్టిపారేయడానికి ఇంకొకటి, ఆపైన ప్రెస్‌మీట్. తండ్రి పోయిన కొడుకు పదకొండు రోజులైనా కాకముందే మైకుల ముందు నిలబడి బిల్లుల లెక్క చెప్పాలా? ధర్మేంద్రగారి విషయంలో ఐసీయూలో కుటుంబం ఏడుస్తున్న వీడియోనే బయటికి తెచ్చారు. నటుడు తారకరత్నగారు కుప్పంలో కుప్పకూలిన 2023 జనవరి 27 నుంచి ఫిబ్రవరి 18 దాకా ఇరవై మూడు రోజులు. ఆ ఇరవై మూడు రోజులూ మా ఫోన్లలోకి ఎన్ని థంబ్‌నెయిళ్లు వచ్చాయో మీకే తెలుసు.

3. ఎందుకు పోయారో మీరే తేల్చేయడం. మామూలు జనానికి ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

2021 ఏప్రిల్ 15న తమిళ హాస్యనటుడు వివేక్ కరోనా టీకా వేయించుకున్నారు. అందరూ వేయించుకోండి అని చెప్పడానికే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి మరీ వేయించుకున్నారు. మర్నాడు గుండె ఆగింది, 17న పోయారు. రక్తనాళం పూడుకుపోయిందని డాక్టర్లు గుండె ఆగిన రోజే చెప్పినా, టీకా వల్లే పోయారన్న మాట పాకిపోయింది. ఆయన డబ్బింగ్ సినిమాలు మనవాళ్లూ చూసినవే కదా, మా వీధిలో ముగ్గురు పెద్దవాళ్లు టీకా కేంద్రం దాకా వెళ్లి వెనక్కొచ్చేశారు. అందులో మా కీర్తనల మాస్టారు ఒకరు. ఏప్రిల్, మే నెలల్లో రెండో అలలో ఏం జరిగిందో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మాస్టారు లేరు. టీకా వేసుకుని ఉంటే బతికేవారేనని నేను రుజువు చేయలేను. కానీ ఆయన చేతిలోని ఫోనులో ఏ వీడియో చూసి వెనక్కి తిరిగారో నాకు తెలుసు. ఆ మరణానికీ టీకాకీ సంబంధం లేదని కేంద్ర ప్రభుత్వ కమిటీ తేల్చేసరికి అక్టోబరు వచ్చింది. ఆ కబురు ఎంతమంది చూపించారు? ఎన్ని నిమిషాలు?

ఆ అక్టోబరు 29నే కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ పోయారు. నలభై ఆరేళ్లు. జిమ్ చేశాక ఛాతీలో నొప్పి వచ్చిందన్న ఒక్క మాట పట్టుకుని రోజుల తరబడి చర్చలు పెట్టారు. బెంగళూరులో జయదేవ హృద్రోగ ఆస్పత్రికి పరీక్షల కోసం జనం పోటెత్తారు. మా ట్రూపులో ప్యాడ్స్ వాయించే ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి ఒకటే టెన్షన్. నెలలో మూడుసార్లు ఈసీజీ తీయించుకున్నాడు, వాడి సీజన్ సంపాదన ల్యాబులకే పోయింది. ఆఖరికి పునీత్‌కి వైద్యం చేసిన డాక్టరుగారి ఇంటికి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. గుండె జబ్బు గురించి చెప్పడం తప్పు కాదు, చెప్పాల్సిందే. కానీ చెప్పాల్సింది గుండె డాక్టరు. యాంకరు కాదు.

2018 ఫిబ్రవరిలో శ్రీదేవిగారు దుబాయిలో పోయినప్పుడు మన తెలుగు ఛానల్ ఒకటి బాత్‌టబ్‌లో రిపోర్టర్‌ని పడుకోబెట్టి చూపించింది. తిరుపతి అమ్మమ్మ ఊరైన ఆడపిల్ల, నాలుగేళ్లకే మేకప్ వేసుకుని యాభై ఏళ్లు కష్టపడిన మనిషి. ఆవిడ గురించి చెప్పడానికి అదొక్కటే దొరికిందా? 2023 ఫిబ్రవరి 4న గాయని వాణీజయరాంగారు ఇంట్లో పడి చనిపోతే, పోలీసులు విచారణ పూర్తి చేయకముందే నానా అనుమానాలు అంటగట్టారు. అప్పటికి పద్మభూషణ్ ప్రకటించి పది రోజులు. ఆ పురస్కారం చేతికి అందనే లేదు. రెండు రోజుల ముందు, శంకరాభరణం విడుదలైన ఫిబ్రవరి 2 తారీఖునే, ఆ సినిమా దర్శకుడు విశ్వనాథ్‌గారు వెళ్లిపోయారు. ఆ సినిమాకి పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్న గొంతు ఆవిడది. ఈ ముచ్చట చెప్పుకుంటూ ఆ రాత్రంతా పాటలు వేసి ఉంటే ఎంత బాగుండేది.

4. ఆత్మహత్యల వార్తలు. దీని గురించి ఎక్కువ రాయను, ఎక్కువ రాయడమే ప్రమాదం. ఎలా చేసుకున్నారో చెప్పొద్దని, పదే పదే చూపించొద్దని, సంచలనంగా హెడ్డింగులు పెట్టొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే చెప్పింది. ఆ మరుసటి ఏడాది సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ పోయినప్పుడు ఏం చూపించారో దేశమంతా చూసింది. అభిమాన నటుడు పోతే అన్నం మానేసే పిల్లలు మా వీధుల్లో ఉన్నారు. వాళ్లు మీ స్క్రీన్ ముందే కూర్చుని ఉంటారు.

5. మీరు వదిలేసినవాళ్లు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో తులసీదాస్ బలరాం పోయారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఆడారు, 1960 రోమ్‌లో గోల్స్ కొట్టారు, 1962లో జకార్తా ఏషియాడ్‌లో, అంటే ఆసియా క్రీడల్లో, ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నారు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మనకి ఇప్పటికీ అదే చివరి స్వర్ణం. ఆ జట్టుకి కోచ్ కూడా హైదరాబాదీ రహీం సాబే. బలరాం పోయిన రోజు నేను చూసిన తెలుగు ఛానళ్లన్నీ బెంగళూరులో తారకరత్నగారున్న ఆస్పత్రి గేటు దగ్గర, ఆ మనిషి ఎప్పుడు పోతాడా అన్నట్టు నిలబడి ఉన్నాయి. ఒక స్క్రోలింగ్ అయినా కనపడుతుందేమోనని రాత్రి పదకొండు దాకా ఛానళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను. మా నాన్న ఫుట్‌బాల్ ఆడేవారు, ఆయన నోట విన్న పేరది. మీరు చెప్పకపోతే మా పిల్లలకి ఇలాంటి మనుషులు ఉన్నారనే తెలీదు.

ఇక మేం అడుగుతున్నవి:

ఒకటి. కుటుంబసభ్యుడో, ఆస్పత్రి బులెటినో చెప్పేదాకా ఎవరికీ దండ వేయకండి. ఒక్క ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఆగండి. "ఇక లేరా?" అని ప్రశ్నార్థకం పెట్టి తప్పించుకోవడం కూడా మానండి. ఫోను తెర మీద ఆ చిన్న గుర్తు మా అమ్మ కంటికి ఆనదు. దండ కనపడుతుంది.

రెండు. తప్పు జరిగితే వీడియో డిలీట్ చేసి ఊరుకోవద్దు. ఎంత సైజు అక్షరాలతో చంపారో అంత సైజు అక్షరాలతో, అదే టైములో, అన్నిసార్లు తప్పయిందని చెప్పండి. ఆ అబద్ధం మీద వచ్చిన డబ్బు ఆ కుటుంబం చెప్పిన మంచి పనికి ఇవ్వండి. నాకు తెలిసి ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు, మీలో ఒకరు మొదలుపెట్టండి.

మూడు. చావింటి గుమ్మంలో మైకులు వద్దు. అందరూ కలిసి ఒక్క కెమెరా పెట్టుకుని ఆ దృశ్యాలే పంచుకోండి. పార్థివ దేహం ముఖం మీదికి, పసిపిల్లల ముఖాల మీదికి జూమ్ చేయకండి. ఏడుస్తున్నవాళ్లని "ఎలా ఫీలవుతున్నారు?" అని అడగొద్దని మీ స్ట్రింగర్లకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పి, బైట్ తేలేదని వాళ్ల డబ్బులు కోయకండి.

నాలుగు. మరణ కారణం డాక్టరో పోలీసో అధికారికంగా చెప్పేదాకా చర్చలు పెట్టకండి. ఆత్మహత్య అయితే, మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరు 14416 తెర మీద ఉంచండి. వార్త నడిచినంతసేపూ.

ఐదు. నేత్రదానం. రాజ్‌కుమార్‌గారు 2006లో పోయినప్పుడు కళ్లు దానం చేశారు, కొడుకు పునీత్ కూడా అదే చేశారు. పునీత్ కళ్లతో నలుగురికి చూపొచ్చింది. ఆ తర్వాత కర్ణాటకలో వేలమంది నేత్రదానానికి ముందుకొచ్చారు. ఒక్క కుటుంబం తీసుకున్న నిర్ణయం అంత పని చేసింది. చనిపోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలన్న సంగతి మన ఊళ్లలో ఇప్పటికీ చాలామందికి తెలీదు. సినిమా మనిషి ఎల్.వి.ప్రసాద్‌గారి పేరు మీద మన హైదరాబాద్‌లోనే దేశం మెచ్చిన కంటి ఆస్పత్రి ఉంది. ఒక నటుడో ఆటగాడో పోయిన రోజు జనం తెరకి అతుక్కుపోయి ఉంటారు. ఆ రోజు గంటకొకసారి ఈ మాట చెప్పి, దగ్గర్లో ఉన్న ఐ బ్యాంకు నంబరు వేయండి. మీరు చేయగలిగినవాటిలో దీనికి ఖర్చు లేదు, నష్టం లేదు.

ఆరు. ఫిర్యాదు ఎవరికి చేయాలో కనపడేలా పెట్టండి. 2021 జూన్‌లో సవరించిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ప్రేక్షకుడి ఫిర్యాదు అందినట్టు ఛానల్ 24 గంటల్లో తెలియజేయాలి, 15 రోజుల్లో పరిష్కరించాలి. 2023లో నేను టీవీ ఛానల్‌కు రాసినవి రెండు. 15 రోజులు ఎప్పుడో దాటిపోయాయి.

మా అభిమానులకీ ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ లేఖ సగమే నిజం అవుతుంది. ఆ దండ వేసిన వీడియో మా అన్నయ్య ఫోనుకి ఛానల్ పంపలేదు. మా బాలు అభిమానుల గ్రూపులో మనవాడే ఒకడు పంపాడు. అందరికంటే ముందు "రిప్" పెట్టాలన్న తొందరలో పంపాడు. పునీత్‌గారి డాక్టర్ని బెదిరించింది కూడా అభిమానులే. మన చేతిలో ఉన్నది మనం ఆపుదాం. మా గ్రూపులో ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరైనా పోయారని తెలిస్తే, ఇంటివాళ్లు చెప్పారని తేలేదాకా ఎవరూ ఏమీ పోస్టు చేయకూడదు. తేలాక మొదట పెట్టేది ఫొటో కాదు, ఆ మనిషి చేసిన పని. గాయకుడైతే ఒక పాట, ఆటగాడైతే ఒక ఇన్నింగ్స్. ధర్మేంద్రగారి వార్త వచ్చిన రోజు మా గ్రూపులో ఆరు గంటలపాటు ఎవరూ నోరు మెదపలేదు. ఆ రోజే అబద్ధమని తేలింది.

2026 జూన్ 4కి బాలుగారు పుట్టి ఎనభై ఏళ్లు. ఆ సాయంత్రం నెల్లూరులో మా ట్రూపు కార్యక్రమం చేస్తోంది. టిక్కెట్టు లేదు. తిప్పరాజువారి వీధిలో ఆగిపోయిన ఆ పాటని అన్నయ్య మొదటి నుంచి చివరి దాకా పాడతానన్నాడు. అంతకు ముందు, పైన చెప్పిన ఆరింటిలో ఏ ఒక్కటైనా పాటిస్తామని మాకు రాసిచ్చిన ఛానళ్ల పేర్లు స్టేజీ మీద నేనే చదువుతాను. రాయనివాళ్ల పేర్లు ఎత్తం. మీ కెమెరాలు కూడా తెచ్చుకోండి, ముందు వరసలో చోటు ఉంచుతాం. పాట అయ్యేదాకా మాత్రం మా అన్నయ్యని ఏమీ అడగొద్దు.

ఇట్లు,
ఒక కీబోర్డు ప్లేయరు,
నెల్లూరు